పియెరో బొమ్మల కోసం ఇటలీ వెళ్లే గోదావరి వాళ్లకు

పదిహేనో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు పియెరో డెల్లా ఫ్రాంచెస్కా చిత్రాల్లో ఈనాటికి మిగిలినవి కొద్దే. వాటిలో ఇటలీలో ఉన్నవాటిని పది పన్నెండు రోజుల్లో తీరిగ్గా చూసేయొచ్చు. కష్టమల్లా అవి ఒక్కచోట లేకపోవడమే. రోమ్, వెనిస్, పీసా వాలు గోపురం చూపించే మామూలు టూర్లలో ఆయన ఊరి పేరు వినపడదు. రాజమండ్రి నుంచో, అమలాపురం, భీమవరం నుంచో బయల్దేరేవాళ్లు సొంతంగా దారి వేసుకోవాల్సిందే.

ఈయన టైబర్ నది ఎగువ లోయలోని సాన్‌సెపోల్క్రో అనే చిన్న ఊరివాడు. తండ్రి తోళ్ల వ్యాపారి. 1492 అక్టోబరు 12న చనిపోయాడు. చిత్రకారుడే కాదు, లెక్కల మనిషి కూడా. దూరాన ఉన్నవి కంటికి ఎలా కనిపిస్తాయో గణితంతో వివరిస్తూ గ్రంథం రాశాడు. గోడ మీద వేసేటప్పుడు ఆ గోడకు కిటికీ ఎటుందో, చూసేవాడు ఎక్కడ నిలబడతాడో లెక్కేసుకునేవాడు. అందుకే ముందు ఊళ్లు, తర్వాత మ్యూజియాలు అన్న వరసే మంచిది. గోడ మీద ఉన్నవాటిని వాటి చోటనే చూశాక మిలాన్‌లో చెక్క పలక మీది బొమ్మ ముందు నిలబడితే కంటికి పని తెలుస్తుంది. రోమ్‌లో దిగి మిలాన్‌లో విమానం ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెనక్కి తిరిగే పని ఉండదు.

దాళ్వా కోతలు, నూర్పిళ్లు అయ్యాక మే నెల అన్ని విధాలా అనువైనది. రాత్రి ఎనిమిది దాటాకా వెలుగుంటుంది, ఎండ మన ఫిబ్రవరి ఎండలా ఉంటుంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదలు కూడా బాగుంటాయి. ఆగస్టు వద్దు. 15వ తేదీ వాళ్లకు పెద్ద పండగ, దాని చుట్టుపక్కల చిన్న ఊళ్లలో దుకాణాలు మూసేసి జనం సముద్రానికి పోతారు. సంక్రాంతి సెలవులకు వెళ్తే సాయంత్రం ఐదుకే చీకటి పడి, చర్చిల్లో బొమ్మలు సరిగా కనపడవు.

వీసాకి హైదరాబాద్‌లోని దరఖాస్తు కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిబంధన ప్రకారం 15 రోజుల ముందు కూడా పెట్టొచ్చు గానీ మే నెల ప్రయాణానికి ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంట్ పట్టుకోవాలి. వేసవి రద్దీలో తేదీలు దొరకవు. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై, తిరిగి వచ్చాక మరో మూడు నెలలు చెల్లేలా, రెండు ఖాళీ పేజీలతో ఉండాలి.

మనవాళ్లకు దెబ్బ తగిలేది పేర్ల దగ్గర. ఒక కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకో దాంట్లో పూర్తిగా, మూడో దాంట్లో చివర ఉంటుంది. వీసా ఫారం, విమానం టికెట్, బీమా, మ్యూజియం టికెట్ అన్నిటిలో పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలు ఉన్నట్టే, అదే వరసలో రాయండి. పేరుతో ఇచ్చే మ్యూజియం టికెట్లను గుమ్మం దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు.

బయల్దేరే ముందు కంటికి కాస్త సాధన కావాలి. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ అందుకు మంచి చోటు. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన మన చిత్రకారుడి పనులు అక్కడున్నాయి. ఒక్క బొమ్మ ఎంచుకుని ఇరవై నిమిషాలు కదలకుండా చూడండి. వెలుగు ఎటునుంచి పడుతోంది, ఎవరి చూపు ఎవరి మీద ఉంది, ఇద్దరి మధ్య వదిలిన ఖాళీ ఎంత అని వెతకండి. ఐదో నిమిషానికి విసుగు పుడుతుంది, పదో నిమిషానికి పోతుంది. ఈ అలవాటు లేకుండా వెళ్తే, పియెరో గోడచిత్రాలున్న అరెత్సో ఊళ్లో ఇచ్చే అరగంట ఫోన్ తియ్యడంలోనే అయిపోతుంది.

అరెత్సోలో కనీసం రెండు రాత్రులు ఉండాలి. రోమ్ నుంచి గానీ ఫ్లోరెన్స్ నుంచి గానీ నేరుగా రైలుంది. ఫ్లోరెన్స్ నుంచైతే గంట, గంటన్నర. స్టేషన్ బోర్డుల మీద ఫ్లోరెన్స్ అని ఉండదు, ఫిరెంజె అని ఉంటుంది. స్టేషన్ నుంచి సాన్ ఫ్రాంచెస్కో చర్చి నడిచే దూరమే. ప్రతి నెలా మొదటి ఆదివారం, దాని ముందు శనివారం ఈ ఊళ్లో పాత సామాన్ల సంత జరుగుతుంది. ఆ రెండు రోజులూ గదులు దొరకడం కష్టం, దొరికినా రేటు ఎక్కువ.

చర్చి లోపల బలిపీఠం వెనక ఉన్న మందిరంలో మూడు గోడల నిండా పియెరో వేసిన సిలువ కథ ఉంది. బిచ్చి ది లోరెంజో అనే ముసలి చిత్రకారుడు మొదలుపెట్టి 1452లో చనిపోతే పని పియెరో చేతికొచ్చింది. 1466 నాటికి పూర్తయింది. లోపలికి కొద్దిమందినే సమయం కేటాయించి పంపుతారు కాబట్టి టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, ఆ పూట పెట్టుకోకండి. వరసగా రెండు రోజులు, రెండు వేర్వేరు వేళలకు టికెట్లు తీసుకోమని గట్టిగా చెబుతాం. మొదటిరోజు కథ అర్థం చేసుకోవడానికే సరిపోతుంది. బొమ్మ చూసేది రెండో రోజే.

కథ కూడా ఇంటి దగ్గరే చదువుకుని వెళ్లాలి. నరసాపురం, కోనసీమ వైపు బైబిల్ బాగా తెలిసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లు కూడా ఇక్కడ తికమక పడతారు. ఎందుకంటే ఇందులో ఎక్కువ భాగం బైబిల్‌లో లేదు. మధ్యయుగంలో ఐరోపాలో చెప్పుకున్న పుణ్యకథ ఇది. పైగా గోడల మీద కథ వరసగా సాగదు. చూడాల్సిన క్రమం ఇదీ.

కుడి గోడ మీద అన్నిటికన్నా పైన, కమాను కింది భాగంలో మొదలుపెట్టండి. ముసలి ఆదాము ప్రాణం పోతోంది. కొడుకు షేతు తెచ్చిన మొక్కను తండ్రి శవం నోట్లో నాటుతాడు. అది చెట్టవుతుంది. దాని కింది వరసలో ఆ చెట్టు దుంగే వాగు మీద వంతెనగా ఉంటే షేబ రాణి గుర్తుపట్టి మోకరిల్లుతుంది, పక్కనే సొలొమోను రాజును కలుస్తుంది. అక్కడి నుంచి చూపు కిటికీ ఉన్న ఎదురు గోడకు తిప్పాలి. కిటికీకి కుడివైపు మధ్యలో ఆ దుంగను పాతిపెట్టే కూలీలు. ఎడమవైపు అడుగున మరియకు దేవదూత వార్త చెప్పడం. కుడివైపు అడుగున కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కల. తర్వాత కుడి గోడ అడుగున ఆ చక్రవర్తి క్రీ.శ. 312లో మాక్సెంటియస్ మీద గెలిచిన యుద్ధం. మళ్లీ కిటికీ గోడ ఎడమవైపు మధ్యలో, సిలువ ఎక్కడుందో చెప్పని యూదా అనే మనిషిని బావిలోంచి జుట్టు పట్టి పైకి లాగుతుంటారు. ఆ తర్వాత ఎడమ గోడ మధ్య వరసలో చక్రవర్తి తల్లి హెలెనా సిలువను తవ్వించి, చనిపోయిన యువకుడి మీద ఆనించి అసలుదేదో తేల్చుకుంటుంది. దాని కింద హెరాక్లియస్ చక్రవర్తి, పారసీక రాజు ఖొస్రోల యుద్ధం. ఆఖరున ఎడమ గోడ పైన, సిలువ యెరూషలేముకు తిరిగి రావడం.

ఇలా ఎందుకు చెల్లాచెదురు చేశాడన్నది గోడల మధ్యలో నిలబడితే తెలుస్తుంది. అడుగున యుద్ధానికి ఎదురుగా యుద్ధం. మధ్య వరసలో రాణికి ఎదురుగా రాణి. పైన ఆకాశం కింద జనానికి ఎదురుగా ఆకాశం కింద జనం. కథ వరస కన్నా ఈ జతలే ఆయనకు ముఖ్యం. బొమ్మల్లోని వెలుగు కూడా ఆ మందిరపు అసలు కిటికీ వైపు నుంచే పడుతున్నట్టు వేశాడు. అందుకే పగలు బాగా వెలుగున్న వేళ తీసుకోండి. పై వరస చాలా ఎత్తులో ఉంటుంది, 8 రెట్లు చూపించే చిన్న బైనాక్యులర్ లేకపోతే ఆదాము ముఖంలో అలసట కనపడదు.

గోదావరి వాళ్లు ఆగాల్సిన చోటు ఒకటుంది. కాన్‌స్టాంటైన్ యుద్ధం మధ్యలో సైన్యాలను విడదీస్తూ ఒక నది పాయ వంకర తిరుగుతుంది. కథ ప్రకారం అది రోమ్ దగ్గరి టైబర్. వేసింది మాత్రం తన ఊరి దగ్గరి టైబర్ను. సన్నగా, నిశ్చలంగా, చెట్ల నీడలు నీళ్లలో తలకిందులుగా, పైన తెల్లటి పక్షులు. పొద్దున్నే గాలి లేని వేళ పంటకాలవలో కొబ్బరిచెట్ల నీడ చూసి పెరిగినవాళ్లు ఆ నీటిని ఇట్టే గుర్తుపడతారు. ఈ బొమ్మ కుడి భాగం చాలావరకు రాలిపోయింది. చుట్టూ గుర్రాలు, బల్లేల గొడవ. నది మాత్రం మిగిలింది.

రంగు ఎందుకు రాలుతుందో తెలిస్తే ఆ ఖాళీలు చిరాకు పెట్టవు. తడి సున్నం గిలాబా మీద నీళ్లలో కలిపిన రంగు వేస్తే, సున్నం గాలితో కలిసి గట్టిపడుతూ రంగును తనలోకి పట్టేస్తుంది. గుల్లసున్నం వేసిన పాత ఇళ్ల గోడలు ఎంత గట్టివో మనకు తెలుసు. అయితే ఒక పూటలో వేయగలిగినంత మేరకే గిలాబా చెయ్యాలి, ఆరిపోతే పట్టు పోతుంది. పియెరో తడిబట్టలు కప్పి గిలాబా ఆరకుండా ఆపి నెమ్మదిగా పనిచేసేవాడు. నీలం లాంటి కొన్ని రంగులు తడి సున్నంలో నిలవవు. వాటిని గోడ ఆరాక జిగురు కలిపి పైన వెయ్యాలి. పైన వేసినవే ముందు రాలతాయి. దానికి తోడు తేమ, గోడ కదలికలు, పాత మరమ్మతుల్లో నింపిన సిమెంటు చెరుపు చేశాయి. ఏళ్లపాటు సాగిన మరమ్మతు 2000లో ముగిసింది. పోయినచోట కొత్త బొమ్మ కల్పించకుండా మామూలు రంగుతో వదిలేశారు. అదే సరైన పని.

గుట్ట పైనున్న పెద్ద చర్చికి కూడా ఎక్కండి, టికెట్ లేదు. ఎడమవైపు, లోపలి గది తలుపు పక్కన సన్నటి గోడ మీద మగ్దలేనే మరియ నిలబడి ఉంటుంది. చేతిలో అత్తరు బుడ్డిలోంచి వెలుగు దాటి రావడం చూడాలి. చాలామంది దాన్ని గమనించకుండా ముందుకెళ్లిపోతారు. చర్చిలన్నిటిలో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చీర, పంజాబీ డ్రెస్సు, ప్యాంటు ఏదైనా సరే, నిక్కర్లు కుదరవు.

అరెత్సో నుంచి సాన్‌సెపోల్క్రోకి బస్సులో గంటసేపు. పియెరో బొమ్మ ఉన్న ఇంకో ఊరు మోంటెర్కి ఈ దారిలోదే. బస్సు టైంటేబుల్ చదవడంలో తప్పితే రోజంతా పోతుంది. ఫెరియాలె అని ఉంటే సోమవారం నుంచి శనివారం వరకు, ఫెస్తివో అంటే ఆదివారం, పండగ రోజులు, స్కొలాస్తికో అంటే బడులున్న రోజుల్లోనే. ఆదివారం బస్సులు బాగా తగ్గిపోతాయి, ఆ రోజు ఈ దారి పెట్టుకోకండి. టికెట్ ఎక్కేముందే కొనాలి, స్టేషన్ దగ్గరి పొగాకు దుకాణాల్లో కూడా అమ్ముతారు.

కారు తీసుకుంటే మోంటెర్కి, సాన్‌సెపోల్క్రో, ఉర్బీనో మూడూ చాలా సులువవుతాయి. మీ చిరునామా ఏ ఆర్టీఓ కిందికి వస్తే అక్కడ అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. మన లైసెన్సు కూడా వెంట ఉండాలి. వాళ్లు రోడ్డుకి కుడివైపు నడుపుతారు. పాత ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని రాసి ఎర్ర వలయం ఉన్న బోర్డు కనపడితే కారు లోపలికి పోనివ్వకండి. కెమెరా పట్టేస్తుంది, జరిమానా కొన్ని నెలల తర్వాత ఇంటికి వస్తుంది, కారు కంపెనీ తన చార్జీ కార్డు మీద వేరే వేస్తుంది. గోడల బయట పార్కింగులో వదిలి నడవడమే.

మోంటెర్కిలో చూసేది ఒకే ఒక్క బొమ్మ. దానికోసమే ఒక చిన్న మ్యూజియం. నిండు నెలల మరియ, నీలి గౌను ముందువైపు విడిన చోట చెయ్యి ఆనించి నిలబడి ఉంటుంది. గర్భిణులకు టికెట్ లేదు. అటూ ఇటూ డేరా తెర పట్టుకున్న దేవదూతలిద్దరినీ పోల్చి చూడండి, ఒకే కాగితం తిప్పి వాడాడు. పెద్ద కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, గోడకు ఆనించి బొగ్గుపొడి అద్దితే చుక్కలు పడతాయి. ముగ్గులో చుక్కలు కలిపినట్టు వాటిని కలుపుకుంటూ పోతారు. కాగితం తిరగేస్తే ఎడమ బొమ్మ కుడి బొమ్మ అవుతుంది. రంగులు మాత్రం తారుమారు చేశాడు.

సాన్‌సెపోల్క్రోలో ఒక రాత్రి ఉండండి. పగలు వచ్చి వెళ్లే జనం పోయాక ఆ ఊరు వేరుగా ఉంటుంది. పురపాలక మ్యూజియంలో సమాధి నుంచి క్రీస్తు లేచే బొమ్మ అది పుట్టిన ఊళ్లోనే ఉంది. కింద నలుగురు కాపలావాళ్లు నిద్రపోతుంటారు. వాళ్లలో కర్రకు తల ఆనించినవాడు పియెరో స్వయంగా అని ఊరివాళ్ల నమ్మకం. క్రీస్తుకు ఒకవైపు చెట్లు మోడులు, ఇంకోవైపు ఆకులు తొడిగినవి. కాపలావాళ్లను కింది నుంచి చూస్తున్నట్టు, క్రీస్తును ఎదురుగా చూస్తున్నట్టు వేశాడు. ముందు దూరంగా నిలబడి, తర్వాత దగ్గరికి వచ్చి చూస్తే ఆ తేడా పట్టుబడుతుంది. 1944లో ఒక బ్రిటిష్ ఫిరంగిదళ అధికారి ఊరి మీద గుళ్లు కురిపిస్తూ, ప్రపంచంలోకెల్లా గొప్ప చిత్రం ఇక్కడే ఉందని ఎప్పుడో చదివినట్టు గుర్తొచ్చి కాల్పులు ఆపించాడు. ఊళ్లో ఆయన పేరుతో వీధి ఉంది.

అదే మ్యూజియంలో కృపామాత పీఠం ఉంది, అంటే బలిపీఠం మీద నిలబెట్టే చెక్క పలకల బొమ్మల వరస. 1445లో ఒప్పందం రాసుకున్నప్పుడు మూడేళ్లలో ఇవ్వాలన్నారు, పదిహేనేళ్లకు పైగా పట్టింది. తల్లి తన పొడవాటి పైవస్త్రం చాచి కింద ఊరివాళ్లను కాస్తున్నట్టుంటుంది. మధ్య పలకను పై పలకలతో పోల్చి చూస్తే మనిషి చెయ్యి ఎలా మారుతూ వచ్చిందో కనపడుతుంది. ఒక్క విషయం, యేసు బాప్తిస్మం చిత్రం కూడా ఈ ఊరిదే గానీ దానికోసం ఇక్కడ వెతకొద్దు. అది 1861 నుంచి లండన్ నేషనల్ గ్యాలరీది.

ఉర్బీనోకి రైలు లేదు. కారుంటే సాన్‌సెపోల్క్రో నుంచి బొక్కా త్రబారియా కనుమ మీదుగా వెళ్లొచ్చు. దారి నిండా మలుపులే, వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి. లేకపోతే రైల్లో పేజరో దిగి అక్కడి నుంచి బస్సు. ఉర్బీనో ప్రభువు పాలెస్‌లోని గ్యాలరీలో క్రీస్తును కొరడాలతో కొట్టే బొమ్మ ఉంది. ఎంతో పెద్దదనుకుని వెళ్లినవాళ్లు దాన్ని చూసి తెల్లబోతారు. 58 సెంటీమీటర్లు ఎత్తు, 81 వెడల్పు, మన గోడ క్యాలెండర్ అడ్డంగా పెట్టినంత. కొట్టడం దూరాన మండపంలో జరుగుతుంటే, ముగ్గురు మనుషులు ముందు నిలబడి మాట్లాడుకుంటుంటారు. వాళ్లెవరన్నది పండితులు ఇంకా తేల్చలేదు. మండపం లోపలి వెలుగు ఒకవైపు నుంచి, బయటి ఎండ ఇంకోవైపు నుంచి పడటం గమనించండి. 1975లో దీన్ని దొంగిలించారు, మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లో దొరికింది. పక్కనే సెనిగాల్లియా మాత చిత్రం ఉంటుంది. వెనక గదిలో కిటికీలోంచి పడిన ఎండలో దుమ్ము రేణువుల్ని కూడా వేశాడు. దానికి ఒక పావుగంట ఇవ్వండి.

పేజరో నుంచి అరగంట రైలు రిమిని. అక్కడి పెద్ద చర్చిలో ఆ ఊరి అప్పటి పాలకుడు సిగిస్మొందో మలతెస్తా మోకరిల్లిన గోడచిత్రం ఉంది, 1451 నాటిది. ఆయన వెనక నల్ల కుక్క, తెల్ల కుక్క. పియెరో కన్నా పాత చిత్రకారుడు జొత్తో వేసిన సిలువ కూడా ఆ చర్చిలోనే ఉంది, ఖర్చు లేకుండా రెండూ చూడొచ్చు.

ఫ్లోరెన్స్‌ను అరెత్సోలో ఉండగానే ఒక రోజు వెళ్లి రావచ్చు. అక్కడి ఉఫ్ఫీత్సి మ్యూజియం టికెట్ వారాల ముందే కొనాలి. ఉర్బీనో ప్రభువు ఫెదెరీగో, ఆయన భార్య బత్తిస్తా ఎదురెదురుగా ఉన్న జంట పలకలు ఒక్కోటి 47 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. ప్రభువుకు పోటీలో కుడి కన్ను పోయింది, అందుకే ఎప్పుడూ ఎడమవైపు ముఖమే వేశారు. చుట్టూ తిరిగి వెనకవైపు రథాల బొమ్మలు చూడకుండా రావద్దు. పెరూజాలో సెయింట్ ఆంటోనీ పీఠం, వెనిస్ అకాడెమియాలో సెయింట్ జెరోమ్ చిన్న పలక ఉన్నాయి. రోజులు చాలకపోతే వెనిస్ వదిలేయండి, పెరూజా వదలొద్దు.

ప్రభుత్వ మ్యూజియాలు చాలావరకు సోమవారం మూత. నెలలో మొదటి ఆదివారం ఉచితం, కానీ ఆ జనంలో 47 సెంటీమీటర్ల బొమ్మ చూడటం మాటలు కాదు. బొమ్మలు ప్రదర్శనలకు, మరమ్మతులకు వెళ్తుంటాయి కాబట్టి బయల్దేరే వారం ముందు ఆయా మ్యూజియాల వెబ్‌సైట్లు చూసుకోండి. ఇన్ రెస్టౌరో అంటే మరమ్మతులో ఉందని, కియూజో అంటే మూసి ఉందని.

తిండికి ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లొచ్చు. మాంసం, పాల సరుకులు ఐరోపాలోకి రానివ్వరు. చికెన్ పచ్చడి, కోవా, నెయ్యి ఇంట్లోనే వదిలేయండి. మధ్యాహ్నం భోజనం రెండున్నరకి ఆపేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే. మాంసం తిననివాళ్లు సెంత్సా కార్నె అని చెప్పాలి, చేప కూడా వద్దంటే ఆ మాట వేరుగా చెప్పాలి.

ఆఖరి మజిలీ మిలాన్. అక్కడి బ్రేరా మ్యూజియంలో పియెరో చివరి దశ పెద్ద చిత్రం ఉంది, 1472 ప్రాంతం నుంచి వేసినది. మరియ ఒడిలో బిడ్డ నిద్ర, చుట్టూ సాధువులు, కింద కవచంతో ఫెదెరీగో. పై నుంచి వేలాడే గుడ్డు ఆమె తల మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. నేల గచ్చు, స్తంభాలు లెక్కపెట్టుకుంటూ లోపలికి చూపు పోనిస్తే అది చాలా వెనక, గోడలోని గూటి పైకప్పు కింద ఉందని తెలుస్తుంది. ప్రభువుకు ఎదురుగా భార్య మోకరిల్లాల్సిన చోటు ఖాళీ. ఆమె 1472లో చనిపోయింది. కవచం మీద కిటికీ మెరుపు కూడా వెతకండి. దగ్గర్లోనే పోల్ది పెజ్జోలి మ్యూజియంలో టొలెంతీనో నికోలస్ పలక ఉంది, నడిచి వెళ్లొచ్చు. బ్రేరాకి సోమవారం సెలవు, పోల్ది పెజ్జోలికి మంగళవారం. మిలాన్‌కి బుధవారం నుంచి ఆదివారం లోపు చేరేలా మొదటి రోజు నుంచే లెక్క కట్టుకోండి.